ఆర్సీ మీద పేరు (వాడ ముచ్చట్లు – 17)



రెండు నెలల నుంచి నా దగ్గర చదివే పిల్లలు, చదివి వెళ్ళిపోయిన పిల్లలు ఒకటే అడుగుతున్నారు. "సార్, బండి కొనాలె. కొత్తది తీసుకోమంటరా, సెకండ్‌హ్యాండా?" 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ని బండి గురించి ఎందుకు అడుగుతున్నారంటే, ఈ మధ్యే నేనూ ఒకటి కొన్నాను. నాలుగు నెలలు తిరిగి, లెక్కలేసి, ఇంట్లో తన్నుకుని కొన్నాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను.

బండి గురించి ఇంత పొడుగు రాతా అని నవ్వేవాళ్ళు నవ్వండి. ఊళ్ళో బండి కొంటే బండి కొన్నట్టు. వాడలో బండి కొంటే ఇంకో పది సంగతులు దానితోపాటు ఇంటికొస్తాయి.

ముందు నా అవసరం చెప్తాను. నేను డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. మా ఊరు సూర్యాపేట జిల్లా. కాలేజీ ఇంటికి 34 కిలోమీటర్లు. పొద్దున బస్సు ఎనిమిదింబావుకు. అది తప్పితే షేరింగ్ ఆటో, మధ్యలో ఇంకో ఆటో. సాయంత్రం చివరి బస్సు ఐదున్నరకు. హాస్టల్ పిల్లలు "సార్, సాయంత్రం ఒక గంట ఉండండి, అంబేద్కర్ రచనలు కలిసి చదువుదాం" అని ఏడాదిగా అడుగుతున్నారు. ఐదున్నర బస్సు ఎక్కేవాడు సాయంత్రం గంట ఎట్లా ఉంటాడు? నా ముప్ఫై ఆరేళ్ళ జీవితంలో నేను ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో, ఏ మీటింగు మధ్యలో లేవాలో ఆర్టీసీ టైం టేబులే తేల్చింది. అందుకు బండి.

జీతం పీరియడ్ లెక్కన. చెప్పిన పాఠానికే పైసలు. దసరా సెలవులకు లేవు, సంక్రాంతికి లేవు. ఏప్రిల్ చివర కాలేజీ మూస్తే మళ్ళీ తెరిచి, మళ్ళీ మమ్మల్ని పిలిచేదాకా ఏమీ లేదు. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరం కలిసి రెండేళ్ళలో కూడబెట్టింది 50 వేలు. ఈ 50 వేలు చేతిలో పెట్టుకుని బయల్దేరాను.

అప్పుడు నేను చూసిన కొత్త నూరు సీసీ బండి ఆన్‌రోడ్డు 90 వేలు దాటింది. నాలుగైదేళ్ళు నడిచిన 125 సీసీ బండి 45 నుంచి 55 వేల మధ్య దొరికేది. లెక్క చూస్తే పాతదే. మా నాయిన ఒప్పుకోలేదు.

"ఇంతవరకు మనింట్ల కొత్తది ఏం కొన్నం రా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. లెక్కపెట్టుకున్నాను. నాయిన సైకిల్ పాతది. ఫ్యాన్ పాతది, టౌన్లో ఎవరో ఇల్లు మారుతూ అమ్మింది. టీవీ పాతది. నులక మంచం దొరలింట్లో విరిగితే ఇచ్చింది, నాయిన బాగుచేసుకున్నాడు. ఐదో తరగతిదాకా నేను తొడుక్కున్న చొక్కాలు వాళ్ళ పిల్లలవి. గుండీలు రంగురంగులవి ఉండేవి, ఊడినవాటి చోట అమ్మ దొరికినవి కుట్టేది. పుస్తకాలు పాతవి, వాటి మొదటి పేజీలో ఇంకొకరి పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నవి.

పీహెచ్‌డీ కోసం చదివిన పుస్తకాల్లో మనుస్మృతి కూడా ఉంది. దాని పదో అధ్యాయం చండాలుడికి ఏం ఉండాలో విధిస్తుంది. చచ్చినవాళ్ళ మీది బట్టలే బట్టలు, పగిలిన పాత్రల్లోనే తిండి. అదే అధ్యాయం శూద్రుడికి ఎంగిలి అన్నం, పాత బట్టలు, ఇంట్లోని పాత సామాను ఇవ్వమంటుంది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని ఎందుకు తగలబెట్టించాడో చాలామందికి ఉపన్యాసాల్లో తెలిసి ఉంటుంది. నాకు మా ఇంటి సామాను చూస్తే తెలుస్తుంది. మా నాయినకు సంస్కృతం రాదు, తెలుగూ చదవలేడు. కానీ పాత బండి అనగానే ఆయనకు ఎక్కడ కాలిందో ఆ అధ్యాయం చదివినవాడికి అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా నాయిన తన సైకిల్ మీద దొరల బజారులో నుంచి ఎన్నడూ పోలేదు. బజారు మొదట్లో దిగి, చెప్పులు విప్పి, సైకిల్ నడిపించుకుంటూ పోయి, బజారు చివర మళ్ళీ ఎక్కేవాడు. మేం మాదిగలం. ఊరికంతా చెప్పులు కుట్టిన తాత మనవణ్ని నేను. కుట్టిన చెప్పులు తొడుక్కునే హక్కు లేని మనిషికి సైకిల్ ఎక్కే హక్కు ఎక్కడిది?

దీన్ని పాత ముచ్చట అనుకోకండి. లా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కసారి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తీయండి. 1989 నాటి చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ 3(1)(జెడ్ఏ)లో బి అంశం చూడండి. ఎస్సీ, ఎస్టీలు బహిరంగ ప్రదేశాల్లో సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, నడపకుండా అడ్డుకోవడం నేరం. అదే వాక్యంలో చెప్పులు, కొత్త బట్టలు, పెళ్ళి ఊరేగింపు, గుర్రం అన్నీ ఉన్నాయి. శిక్ష ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, దాని మీద జరిమానా.

ఒక దేశ పార్లమెంటు కూర్చుని మోటార్ సైకిల్ అనే మాటను కులం గురించిన చట్టంలో రాయాల్సి వచ్చింది. ఎందుకు రాసిందో ఆలోచించండి. జరగని దాన్ని ఎవరూ నేరాల జాబితాలో పెట్టరు. సవరణ అమల్లోకి వచ్చిన తొమ్మిదేళ్ళకు, 2025 ఫిబ్రవరిలో, తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతుల మీద కత్తులతో దాడి జరిగింది. వాడు బుల్లెట్ నడపడమే వాళ్ళకు కంటగింపైందని ఆ కుటుంబం చెప్పింది. కొట్టదలుచుకుంటే మనిషికి ఒళ్ళంతా ఉంది. హ్యాండిల్ పట్టుకున్న చేతులనే ఎంచుకున్నారు.

ఇంకొంచెం వెనక్కి పోదాం. 1929లో బాబాసాహెబ్ బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా పనిచూసుకుని తిరిగి వస్తూ చాలీస్‌గావ్‌లో దిగాడు. స్టేషన్ నుంచి మహార్‌వాడకు తీసుకుపోవడానికి ఒక్క టాంగావాడూ ఒప్పుకోలేదు. ఆయన బారిస్టరు. విదేశాల్లో రెండు డాక్టరేట్లు. టాంగావాడికి అవేవీ లెక్క కాదు. చివరికి టాంగా అద్దెకిచ్చారు, తోలడానికి మాత్రం రాలేదు. మనవాళ్ళలోనే ఒకాయన తోలాడు. ఆయనకు టాంగా తోలడం అలవాటు లేదు. కల్వర్టు మీద బండి అదుపు తప్పింది, బాబాసాహెబ్ రాళ్ళ మీద పడ్డాడు, కాలు విరిగింది. ఆయనే రాసుకున్న సంగతి ఇది. మీరు చదివే ఉంటారు. నేను ఈ కథను లైసెన్సు లేకుండా బండి నడిపే పిల్లలకు చెప్తుంటాను. మనల్ని ఎక్కించుకోని లోకంలో బండీ మనదే కావాలి, తోలే చేయీ మనదే కావాలి. ఆ చేతికి తోలడం రావాలి, లైసెన్సు ఉండాలి.

హీరో హోండా సీడీ 100 మన దేశంలో అమ్మకానికి వచ్చింది 1985లో. లీటరు పెట్రోలుతో అన్ని కిలోమీటర్లు పోయే బండి వచ్చిందని దేశమంతా సంబరపడింది. అదే ఏడాది జూలై 17న కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర నీళ్ళు పాడుచేయొద్దన్నందుకు మొదలై మాదిగల శవాలు లేచిన ఊరు. ఈ రెండూ ఒకే దేశంలో ఒకే ఏడాది జరిగాయి. బండ్లు మారినంత తొందరగా బజార్లు మారవు.

ఇదంతా మనసులో పెట్టుకుని, నాయిన మాట నిలబెడదామని కొత్త బండి షోరూముకు పోయాను. ఏసీ, కాఫీ, "కూర్చోండి సార్". నేను తెచ్చుకున్న 50 వేలలో లైసెన్సుకు, హెల్మెట్‌కు, పిల్లల ఫీజుకు తీసిపెట్టుకోగా 22 వేలే డౌన్ పేమెంట్‌కు మిగిలాయి. 70 వేలు ఫైనాన్స్ కావాలి. "వడ్డీ పన్నెండు శాతమే సార్, మూడేండ్లు" అన్నాడు అక్కడ కూర్చున్న ఫైనాన్స్ పిల్లగాడు.

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడండి. ఇది మీ అందరికీ పనికొస్తుంది. వాళ్ళు చెప్పే పన్నెండు శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే ఏడాదికి 8,400, మూడేళ్ళకు 25,200. అసలు కలిపితే 95,200. నెలకు 2,644 చొప్పున 36 కిస్తీలు. మొదటి నెలలో నా దగ్గర వాళ్ళ 70 వేలు ఉంటాయి. రెండేళ్ళు కట్టాక పాతిక ముప్ఫై వేలకు మించి ఉండవు. వడ్డీ మాత్రం చివరి నెలదాకా 70 వేల మీదే పడుతుంది. బ్యాంకుల్లోలాగా తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే ఆ పన్నెండు శాతం నిజానికి 21 శాతం దాటుతుంది. కాబట్టి ఎవరైనా వడ్డీ శాతం చెప్తే "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడగండి. ఆ ఒక్క మాట అడిగితే వాళ్ళు మీతో మాట్లాడే తీరు మారుతుంది.

సరే, దరఖాస్తు ఇచ్చాను. మూడో రోజు వెరిఫికేషన్‌కు ఒకాయన వచ్చాడు. ఎస్సీ కాలనీ మొదట్లో బండి ఆపి నాకు ఫోన్ చేశాడు. లోపలికి రాలేదు, నేనే పోయాను. అక్కడ నిలబడే ఇంటి ఫొటో తీసుకున్నాడు. "పట్టా పాస్‌బుక్ ఉన్న షూరిటీ ఎవరన్న ఉన్నరా సార్?" అన్నాడు. నాకు భూమి లేదు, నాయినకు లేదు, మా అన్నదమ్ముల్లో ఎవరికీ లేదు. మా దగ్గర ఉన్న పట్టా నా పీహెచ్‌డీ పట్టా ఒక్కటే. రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. షూరిటీ లేకపోతే డౌన్ పేమెంట్ 40 వేలు కట్టాలి, వడ్డీ ఇంకో రెండు శాతం పెరుగుతుంది.

భూమి ఉన్నవాడికి వడ్డీ తక్కువ, లేనివాడికి ఎక్కువ. వాళ్ళు దీన్ని రిస్క్ అంటారు. ఆ భూమి ఎవరి చేతుల్లోకి ఎట్లా పోయింది, ఎవరి చేతికి ఎందుకు రాలేదు అనే ప్రశ్న ఆ దరఖాస్తులో ఏ గడిలోనూ ఉండదు.

రాత్రి అన్నం తినేటప్పుడు నాయినకు మొత్తం చెప్పాను. 36 నెలలు, వడ్డీ ఇంత, ఒక్క కిస్తీ తప్పితే ఇంత, మూడు తప్పితే వచ్చి బండి సీజ్ చేస్తారు. వేసవిలో నాకు జీతం ఉండదు, కిస్తీకి వేసవి సెలవులు ఉండవు. ఆయన ముద్ద ఆపి అడిగాడు.

"ముప్పై ఆరు నెలలంటే ఎన్నేండ్లు?"

"మూడేండ్లు నాయినా."

కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను ఉన్నది గూడ మూడేండ్లే" అన్నాడు.

మా నానమ్మకు పాణం బాగలేనప్పుడు 600 రూపాయలు తెచ్చి, ఆ 600 కింద నాయిన మూడేళ్ళు జీతం ఉన్నాడు. జీతం ఉండడం అంటే ఏంటో పట్నం పిల్లలకు చెప్పాలి. నెలనెలా పైసలు ఇచ్చే జీతం కాదది. దొర కొట్టంలో పండుకుని, చీకటితో లేచి, పశువులు, పేడ, నాగలి, మోట. అసలు తీరదు, మనిషి తీరిపోతాడు. వెట్టి కూలీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. మా నాయిన జీతం ఉన్నది ఆ తర్వాతే.

ఫైనాన్స్‌నూ జీతాన్నీ ఒకే గాట కట్టడం లేదు నేను. ఫైనాన్స్ వాడు నన్ను కొట్టంలో పండుకోమనడు, కాగితం ఉంటుంది, కోర్టు ఉంటుంది. నెలనెలా ఖాయంగా జీతం వచ్చేవాళ్ళు, వడ్డీ సరిగ్గా లెక్కేసుకుని, కొత్తది తీసుకుంటే అందులో తప్పేమీ లేదు. తీసుకోండి, గర్వంగా నడపండి. నేను చెప్పేది పీరియడ్ లెక్కన, రోజు కూలీ లెక్కన, డెలివరీ లెక్కన బతికేవాళ్ళ గురించి. మన రాబడికి ఖాయం లేదు, కిస్తీకి ఖాయం ఉంది. ఆ తేడాలోనే మనిషి నలుగుతాడు.

ఆ రాత్రి నాయినతో నేను ఒక మాట అన్నాను, ఇక్కడా అంటాను. పాతది అంటే వస్తువు వయసు. ఎంగిలి అంటే ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ మధ్య ఉండే సంబంధం. దొరలింట్లో నుంచి వచ్చిన చొక్కాకు ధర లేదు, దానికి మనం చేసిన చాకిరీయే ధర, అది ఎంతో ఎవరూ చెప్పరు. అది ఎంగిలి. బేరమాడి, పైసలు లెక్కపెట్టి, రశీదు తీసుకుని, ప్రభుత్వం కాగితం మీద నా పేరు ఎక్కించుకున్న పాత బండి ఎంగిలి ఎట్లా అవుతుంది? అది కొన్నది. మనువు మనకు వద్దన్నది కొత్త వస్తువు ఒక్కటే కాదు, కొనుక్కునే మనిషిగా నిలబడడం కూడా.

నాయిన ఒప్పుకున్నాడో లేదో తెలియదు. "పేరు మాత్రం నీదే ఉండాలె" అన్నాడు. ఆయన ఆ మాట ఎందుకన్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా చిన్నాయిన కొడుకు. నాకంటే ఆరేళ్ళు చిన్న. టౌన్లో టైల్స్ పని చేసేవాడు. నాలుగేళ్ళ కింద పాత బండి కొన్నాడు. అమ్మినాయన ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు. "ఎప్పుడన్న చేయించుకో తమ్మీ" అన్నాడు. వాడు కూలికి పోయే మనిషి, ఆర్టీఏకు పోతే ఒక రోజు కూలి పోతుంది. ఫారాలు సీటు కింద పెట్టుకుని తిరిగాడు. రెండుసార్లు పోలీసులు ఆపారు. ఆర్సీ మీద ఉన్న పేరు వేరు, వీడి ముఖం వేరు, ఊరు అడిగితే ఎస్సీ కాలనీ. "యాడ గొట్టుకొచ్చినవ్ రా?" ఒకసారి పొద్దుగూకేదాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. పైసలు పెట్టి కొన్న బండికి వాడు దొంగ అయ్యాడు.

ఏడాది తిరగకుండా రాత్రిపూట కంకర కుప్పకు గుద్దుకుని చనిపోయాడు. ఎదుటి బండి లేదు, ఎవరి మీదా కేసు లేదు. బండికి ఇన్సూరెన్సు ఉంది, అందులో ఓనర్ కమ్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా కూడా ఉంది. మేం ఆ కాగితం పట్టుకుని తిరిగాం. ఆ 15 లక్షలు ఎవరికి? లైసెన్సు ఉండి, ఆర్సీలో ఓనర్‌గా పేరున్న మనిషికి. మా తమ్ముడి పేరు ఆర్సీలో లేదు, పాలసీలో లేదు. వాడి భార్యకు అప్పుడు ఇరవై మూడేళ్ళు, చంకలో ఏడు నెలల పాప. ఒక రోజు కూలి, కొద్దిగా ఫీజు, రెండు ఫారాలు. వాటికీ 15 లక్షలకూ మధ్య ఆ పిల్ల బతుకు ఉంది.

ఊళ్ళో వాళ్ళు "తాగి నడిపిండు" అన్నారు. వాడు తాగడు. మనవాడు రోడ్డు మీద చస్తే లోకానికి కారణం ముందే దొరుకుతుంది.

అందుకే నేను పాత బండి వెతికేటప్పుడు ఇంజన్ కంటే ముందు కాగితాలు చూశాను. ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టిన ఒక 2021 మోడల్ 125 బండి నచ్చింది. టౌన్లో రిటైరైన ఉద్యోగిది. బండి కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి ఉంది. ధర 52 వేలు, నేను 48 అన్నాను, 49కి దిగాడు. ఏం పని చేస్తావంటే లెక్చరర్ అన్నాను, కుర్చీ వేశాడు. ఏ ఊరు? చెప్పాను. ఇంటిపేరు? చెప్పాను. ఆ ఊళ్ళో ఎక్కడ? చెప్పాను. నీళ్ళు తెస్తున్న ఆవిడను చూసి చేత్తో ఏదో సైగ చేశాడు, ఆవిడ లోపలికి పోయింది. "మా బామ్మర్ది అడుగుతున్నడు, వాణ్ని ఒక మాట అడిగి చెప్త" అన్నాడు. వారం తర్వాత నా స్నేహితుడు, వేరే కులంవాడు, ఫోన్ చేస్తే బండి ఉంది రమ్మన్నాడు. బామ్మర్ది ఎటు పోయాడో తెలియదు. చట్టంలో మోటార్ సైకిల్ ఎక్కకుండా అడ్డుకోవడం గురించి ఉంది. అమ్మకుండా ఉండే సైగ గురించి ఏ సెక్షన్ పెడతాం?

చివరికి కొన్న బండి మస్కట్ పోతున్న ఒక వెల్డింగ్ పిల్లగాడిది. 2021 మోడలే, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. 46 వేలకు కుదిరింది. అతను నన్ను అడిగింది ఒక్కటే: "అన్నా, శుక్రవారం లోపల పైసలు అందుతయా?" బండి మీద ఇంకా ఫైనాన్స్ ఉంది, రెండు కిస్తీలు మిగిలాయి. ఆ రెండూ నా ముందే కట్టించి, క్లియర్ చేయించి, ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకున్నాకే మిగతా పైసలు ఇచ్చాను. అతను విమానం ఎక్కేలోపే ఇద్దరం కలిసి ఆర్టీఏ ఆఫీసుకు పోయాం.

ఇక మీకు పనికొచ్చేది వరసగా చెప్తాను.

బండి చూడ్డానికి పొద్దున్నే పోండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. మీరు పోయేసరికి ఇంజన్ వేడిగా ఉంటే, స్టార్టింగ్ ట్రబుల్ దాచడానికి ముందే నడిపి పెట్టారేమో అని అనుమానించండి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం, బోర్ పని పడొచ్చు, బోలెడు ఖర్చు. మీటర్లో కిలోమీటర్లు తక్కువ చూపిస్తూ కాళ్ళు పెట్టుకునే రబ్బర్లు, గేర్ రాడ్ నున్నగా అరిగిపోయి ఉంటే మీటర్ అబద్ధం చెబుతోంది. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ముందు షాకప్‌ల మీద ఆయిల్ తడి ఉందా, హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుందా చూడండి. లాగుతుంటే ఎక్కడో గట్టిగా గుద్దిన బండి కావచ్చు. తెలిసిన మెకానిక్‌ను తీసుకుపోండి, ఆయన సమయానికి పైసలివ్వండి.

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బండ్లు బీఎస్-6. వాటిలో చాలావరకు కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. పల్లెటూరి మెకానిక్‌కు పాత కార్బురేటర్ బండి సులువు, కొత్త రకానికి సెన్సార్లు చూడగలిగినవాడు కావాలి. మీ దగ్గర ఎవరున్నారో చూసుకుని తీసుకోండి.

బండి మీద ఉన్న చేసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. రుద్దినట్టు ఉంటే బేరం అక్కడే ఆపేయండి. ఫైనాన్స్ ఉందో లేదో ఆర్సీ చెబుతుంది. పాత చలాన్లు పోలీసు వెబ్‌సైట్లో బండి నంబరు కొడితే కనబడతాయి, అవి కట్టించాకే పైసలివ్వండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి, మీరు అమ్మేటప్పుడు ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. ఆర్సీ మారకపోతే, ఆ బండి ఎవరినైనా గుద్దినప్పుడు పరిహారం భారం రికార్డులో ఉన్న ఓనరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పేరు మార్చడం అమ్మినవాడికి కూడా అవసరమే. ఆ మాట చెప్పి ఆఫీసుకు రప్పించండి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోండి, ఓనర్ కమ్ డ్రైవర్ బీమా విడిగా తీసుకున్నా సరే, లేకుండా ఉండకండి.

ఆడపిల్లలకు ఒక మాట. మీ జీతంతో కొన్న స్కూటీకి మీ పేరే పెట్టించుకోండి. "ఇంట్ల మగోళ్ళ పేరు మీద ఉంటే ఏమైతది" అంటారు. ఏమవుతుందో పైన రాశాను. వాడలో కూడా పేరు దగ్గరికొచ్చేసరికి మనం దొరలమైపోతాం, అది వదులుకోవాలి.

ఇరవై రోజులకు ఆర్సీ కార్డు పోస్టులో వచ్చింది. నాయిన చేతికిచ్చాను. చదవలేడు, తిప్పి తిప్పి చూశాడు. "నీ పేరు ఏడున్నది?" చూపించాను. "ఇది నీ పేరు నాయినా" అని కింది గీత చూపించాను. తండ్రి పేరు రాసే చోట ఆయన పేరు ఉంది. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషిని ఊళ్ళో ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా పేరు చివర "గాడు" తగిలించి పిలుస్తారు. కార్డు మీద "గాడు" లేదు, "అయ్య" ఉంది. ఆయనకు ఆ తేడా చదవడం రాదు కాబట్టి నేను పైకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

బండి మీద జై భీమ్ అని రాయిస్తానంటే నాయిన వద్దన్నాడు, భయం. నా భార్య రాయించమంది. రాయించాను. నంబర్ ప్లేటు మీద కాదు, అక్కడ ఏమీ రాయకూడదు. ఊళ్ళో సగం బండ్ల ప్లేట్ల మీద కులం పేర్లు ఉన్నాయి, వాళ్ళను ఎవరూ ఆపరు. మనం రూలు ప్రకారం వెనక మడ్‌గార్డు మీద రాయించాం, చిన్న అక్షరాల్లో, నీలం రంగులో.

ఇప్పుడు మంగళ, గురువారాలు సాయంత్రం హాస్టల్లో కూర్చుంటున్నాం. పదకొండు మందితో మొదలైంది. ఐదున్నర బస్సు పోతున్న చప్పుడు వినబడుతుంది, మేం చదువుతూనే ఉంటాం. ఇంటికొచ్చేటప్పుడు దొరల బజారులో నుంచే వస్తాను. వేరే దారి ఉంది, దగ్గరి దారి మాత్రం అదే. దిగను, హారన్ కొట్టను, మామూలుగా వస్తాను.

కొత్తదా పాతదా అని అడిగారు కదా. మీ రాబడి చూసుకుని మీరే తేల్చుకోండి, రెండూ తప్పు కాదు. నా తరఫున మీకు ఒకటే పని చెప్తాను. ఇది చదవడం అయిపోగానే లేచి మీ ఇంట్లో, మీ రూములో, మీ వాడలో ఉన్న బండి ఆర్సీ తీయండి. దాని మీద ఎవరి పేరు ఉందో చూడండి. నడిపేవాడి పేరు కాకపోతే ఈ వారమే ఒక రోజు కూలి పోగొట్టుకోండి.

జై భీమ్.